ఒక్క మెతుకు పట్టి చూసిన విలేఖరి

పక్కింటి పిల్ల పాట పాడితే “ఏదో పాడుతుందిలే” అంటాం. అదే పిల్ల రేడియోలో పాడితే వీధి వీధంతా చెవులు రిక్కించి వింటుంది. ఊళ్ల సంగతీ అంతే. హైదరాబాదుకు కూతవేటు దూరంలో, మొయినాబాదు మండలంలో చిలుకూరు బాలాజీ గుడి ఉంది. కోరిక చెప్పుకుని పదకొండు ప్రదక్షిణలు, తీరాక వచ్చి నూట ఎనిమిది. అమెరికా వీసా కోసం కుర్రాళ్లు, వాళ్ల కోసం తల్లులు అక్కడ చెమటలు కక్కుతూ తిరుగుతున్న సంగతి మనకు కొత్తేమీ కాదు. కానీ 2007 డిసెంబరు చివరలో ‘వాల్ స్ట్రీట్ జర్నల్’ అంతటి పత్రిక ఆ గుడి గురించి రాసేసరికి మనవాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. “చూశావుటే, మన చిలుకూరు అమెరికా పేపర్లో పడింది!” అని ఒకటే సంబరం.

సంబరపడొద్దని నేననను. అయితే పరదేశపు విలేఖరులు మన గురించి రాసినదాన్ని మనం ఇప్పటికీ రెండే విధాలుగా చదువుతున్నాం. మెచ్చుకుంటే పొంగిపోతాం, తప్పు పడితే మండిపడతాం. ఏం చూశాడు, ఏం చూడలేదు, ఎందుకు చూడలేదు అని తీరిగ్గా కూర్చుని పప్పులో రాళ్లు ఏరినట్టు చదవడం మాత్రం అలవాటు చేసుకోలేదు. అలా చదవడానికి చాలా తగిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు సెలిగ్ హారిసన్.

ఈ పేరు మనలో ఎక్కువమంది విని ఉండరు. 1927లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. హార్వర్డులో చదువుకున్నాడు. 1951లో, నిండా పాతికేళ్లు లేని వయసులో, అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరిగా ఢిల్లీలో దిగి 1954 దాకా పనిచేశాడు. తర్వాత ‘వాషింగ్టన్ పోస్ట్’ పత్రికకు 1962 నుంచి 1965 దాకా ఢిల్లీలోనూ, 1968 నుంచి 1972 దాకా టోక్యోలోనూ ఉండి ఆసియా వ్యవహారాలు రాశాడు. 2016 డిసెంబరు 30న, ఎనభై తొమ్మిదో ఏట కన్నుమూశాడు. అరవై ఏళ్లకు పైగా ఒకే ఖండాన్ని చూస్తూ, రాస్తూ బతికాడన్నమాట.

ఆయనతో మనకు ప్రత్యేకంగా పనేమిటంటారా? ఆయన ఢిల్లీలో ఉన్న కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోండి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారి ప్రాణత్యాగం, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, అన్నీ ఆయన కళ్ల ముందు జరిగినవే. ఆ తర్వాత 1956 జూన్‌లో అమెరికాలోని ఒక పేరున్న రాజకీయశాస్త్ర పత్రికలో ఆయన రాసిన పెద్ద వ్యాసం వెలువడింది. దాని పేరు ‘కాస్ట్ అండ్ ది ఆంధ్రా కమ్యూనిస్ట్స్’. పేరులోనే కులమూ ఉంది, మనమూ ఉన్నాం.

అందులో ఆయన వాదం సూటిగా చెప్పుకుందాం. కోస్తాలో కమ్యూనిస్టుల బలం వట్టి సిద్ధాంత బలం కాదు, డెల్టాలోని కమ్మవారి పలుకుబడి దానికి వెన్నెముక. కాంగ్రెసులో రెడ్లది పైచేయి. ఈ రెండు భూస్వామ్య కులాల పోటీని పక్కన పెట్టి ఆంధ్ర ఎన్నికలను అర్థం చేసుకోలేం. దీనికి ఆయన ఓట్ల లెక్కలు తీసుకున్నాడు. 1951-52 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతపు 140 స్థానాల్లో కమ్యూనిస్టులు 41 గెలిచారు. 1955లో 196 స్థానాలకు గెలిచింది కేవలం 15. విచిత్రం చూడండి, ఓట్ల శాతం తగ్గలేదు, ముప్ఫై దాటింది! ఓట్లు పెరిగి సీట్లు ఎలా పోయాయి? మొదటిసారి చీలిపోయి ఉన్న ఎదుటిపక్షం రెండోసారి ఒక్కటైంది. ఎన్.జి. రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం పంతులుగారి ప్రజాపార్టీ కాంగ్రెసుతో చేతులు కలిపాయి. కమ్మ అభ్యర్థికి ఎదురుగా కమ్మ అభ్యర్థి నిలబడ్డాడు. కులం ఓటు రెండు ముక్కలైంది.

ఇప్పుడు మీకు ఇది చద్దికూడు లాంటి కబురే. టీవీ పెడితే చాలు, ఏ కులం వాళ్లకు ఎన్ని సీట్లని గంటసేపు లెక్కలు కడతారు. కానీ 1956లో పద్ధతిగా, పట్టికలు పెట్టి, పేర్లు చెప్పి ఇలా రాయడం సాహసం. మన పత్రికల్లో అప్పుడు “ఒక వర్గం”, “మరొక వర్గం” అని నసిగేవారు. పెద్దమనిషి తరహా అది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, చుట్టాల ముందు ఎత్తకూడదు! హారిసన్ చుట్టం కాబట్టి ఆ మొహమాటం ఆయనకు లేకపోయింది.

ఆయన గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. “పరాయివాడు మన కులాల గొడవ ఎత్తడమేమిటి?” అని కోపం తెచ్చుకునేవాళ్లు ఒక్కసారి మన పెళ్లి సంబంధాల మాటలు తలుచుకోండి. అమ్మాయి ఎంత చదివింది అన్న ప్రశ్నకు ముందు ఏ ప్రశ్న వస్తుంది? పనిమనిషికి విడిగా పెట్టిన గ్లాసు ఏ గూట్లో ఉంది? మగవాళ్లు కులం లెక్క పోలింగు బూతు దగ్గర చూస్తారు. మనం పెళ్లిపీటల దగ్గర, వంటింటి గడప దగ్గర చూస్తాం. అసలు చిట్టా మన చేతిలోనే ఉంది. ఆ చిట్టాలో ఒక పేజీ చించి బజార్లో చదివాడని హారిసన్ మీద అలగడం న్యాయం కాదు.

ఆయన చూపు ఇప్పటికీ ఎంత పనికొస్తుందో చేవెళ్లలోనే చూడొచ్చు. చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గం 2009లో మొదటిసారి ఎన్నికలకు వెళ్లింది. అప్పుడు గెలిచింది కాంగ్రెసు నుంచి జైపాల్ రెడ్డి. 2014లో టీఆర్ఎస్ నుంచి కొండా విశ్వేశ్వర్ రెడ్డి. 2019లో అదే పార్టీ నుంచి రంజిత్ రెడ్డి. 2024లో బీజేపీ నుంచి మళ్లీ విశ్వేశ్వర్ రెడ్డి. నాలుగు ఎన్నికలు, మూడు పార్టీలు, పేరు చివర మాత్రం ఒకటే మాట. హారిసన్ బతికి ఉండి ఈ జాబితా చూస్తే చిన్నగా నవ్వుకునేవాడు.

ఇంతవరకూ మెచ్చుకోలు. ఇక పేచీలోకి వద్దాం.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దలు. నిజమే. కానీ అది అన్నానికే చెల్లుతుంది. ముక్కల పులుసులో ముల్లంగి మెత్తబడిందని గుమ్మడికాయ సంగతి చెప్పలేం కదా! తెలుగుదేశం ఎప్పుడూ ముక్కల పులుసే. హారిసన్ పట్టి చూసినది కృష్ణా, గుంటూరు డెల్టాల మెతుకు. అంతవరకు చెప్పినదాంట్లో సత్తా ఉంది. ఆ మెతుకుతో తెలుగువాళ్లందరి రాజకీయమూ తేలిపోయిందనుకుంటే మాత్రం చిక్కే.

అదే మొయినాబాదు మండలంలో పెద్దమంగళారం అని ఒక ఊరుంది. కొండా వెంకట రంగారెడ్డిగారు 1890లో అక్కడ పుట్టారు. వకీలు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు ఆయన పేరే పెట్టారు. పైన చెప్పిన విశ్వేశ్వర్ రెడ్డి ఆయన మనవడే. హారిసన్ వ్యాసం వచ్చిన ఏడాదే, 1956 ఫిబ్రవరి 20న, ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ఆంధ్ర వైపు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, ఆయన మేనల్లుడు మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు.

పేర్లు మళ్లీ ఒకసారి చదవండి. బల్లకు అటు ఇద్దరు రెడ్లు, ఇటు ఇద్దరు రెడ్లు. కులమే అంతా తేలిస్తే వీళ్లు నలుగురూ ఒక విస్తట్లో తినాల్సిన వాళ్లు. కానీ రంగారెడ్డి, చెన్నారెడ్డి గార్లకు విశాలాంధ్ర ఇష్టం లేదు. ఉద్యోగాలు పోతాయేమో, నీళ్లు పోతాయేమో, మన ఆదాయం మన దగ్గర ఖర్చు కాదేమో అన్న భయం వాళ్లది. అందుకే హామీలు రాయించుకున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలన్నది అందులో ఒకటి. తీరా రాష్ట్రం ఏర్పడ్డాక ఆ పదవి ఆరోవేలులాంటిదని సంజీవరెడ్డిగారు పక్కన పెట్టారని చెప్పుకుంటారు. తర్వాత కొన్నేళ్లకు ఆ పదవి రంగారెడ్డిగారికే దక్కింది. అది వేరే కథ. ఒకే కులం వాళ్లు ఒకరికొకరు హామీ పత్రాలు రాయించుకోవలసి వచ్చిందంటే, కులం కన్నా లోతైన దారం ఇంకేదో ఆ గుడ్డలో ఉందనే అర్థం.

కమ్యూనిస్టుల సంగతీ అంతే. తెలంగాణలో ఆ ఉద్యమానికి ముందు నడిచినవాళ్లు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి. కోస్తాలో ఆ పార్టీకి పెద్ద దిక్కయిన పుచ్చలపల్లి సుందరయ్యగారు కూడా నెల్లూరు రెడ్ల ఇంట్లో పుట్టినవారే. డెల్టా సూత్రం పట్టుకుని కృష్ణ దాటి నల్లగొండ వస్తే ఆ సూత్రం తెగిపోతుంది. 1970లో కారొలిన్ ఎలియట్ అనే విదుషీమణి రెడ్లు, కమ్మవారి రాజకీయాల మీదే ఒక వ్యాసం రాసి, ఒక్కొక్క కులం లోపలి ముఠాలను కూడా చూడాలని చూపించింది. ఇంటిపోరు తెలిసిన ఆడమనిషి కాబట్టి ఆ మాట తట్టిందేమో అని నాకో చిన్న అనుమానం!

హారిసన్ మీద నా పెద్ద పేచీ ఇంకొకటి. 1960లో ఆయన పుస్తకం ‘ఇండియా: ది మోస్ట్ డేంజరస్ డెకేడ్స్’ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్ల ద్వారా వచ్చింది. పేరులోనే గుండెదడ ఉంది. భాషల పేరిట రాష్ట్రాలు, కులాల పేరిట కూటములు కలిసి దేశాన్ని ముక్కలు చేస్తాయేమో, లేకపోతే ముక్కలు కాకుండా ఆపడానికి ఏ నియంతృత్వమో వచ్చి కూర్చుంటుందేమో అన్నది అందులోని బెంగ. బెంగ పూర్తిగా వట్టిపోలేదు. 1965లో మద్రాసులో హిందీ గొడవలు మంటలు రేపాయి. 1975లో ఎమర్జెన్సీ వచ్చి 21 నెలలు ఉంది. అయినా 1977లో ఓటరు ఆ తలుపు తీశాడు. భాషా రాష్ట్రాలు దేశాన్ని విడగొట్టలేదు సరికదా, కోపం వచ్చినవాడికి కోర్టు భాష, బడి భాష చేతికిచ్చి శాంతపరిచాయి. అడిగింది ఇచ్చిన ఇంట్లో పిల్లలు గోడ దూకరు.

ఆ బెంగ ఎక్కడిది? నన్నడిగితే, సగం ఢిల్లీది. విలేఖరి ఏ గదిలో కూర్చుంటే ఆ గది గాలే పీలుస్తాడు. 1949లో నెహ్రూ, వల్లభాయి పటేల్, పట్టాభి సీతారామయ్య కలిసిన సంఘం కూడా భాషా రాష్ట్రాలంటే వెనకాడినదే. హారిసన్ ఆ గదిలో నుంచి దేశాన్ని చూశాడు. గదిలోవాళ్లు భయపడ్డదానికి ఆయనా భయపడ్డాడు. మొయినాబాదు గడ్డ మీద పుట్టిన రంగారెడ్డిగారి భయం మాత్రం సరిగ్గా తలకిందులు. భాష దేశాన్ని విడగొడుతుందని విలేఖరి బెంగపడ్డాడు. ఒక్క భాష ఉన్నంత మాత్రాన మనుషులు కలిసి ఉండలేరని వకీలుకు తెలుసు. 1969 వచ్చింది, 1972 వచ్చింది, చివరికి 2014 జూన్ 2 వచ్చింది. ఒకే భాష మాట్లాడే మనం రెండు రాష్ట్రాలయ్యాం. దేశం ముక్కలు కాలేదు, తెలుగు చచ్చిపోలేదు. కాలం ఎవరి మాట దగ్గర నిలబడిందో మీరే చెప్పండి.

ఇక మన మాట. హారిసన్ లెక్కల్లో ఓటు ఉంది, నాయకుడున్నాడు, పొలం ఉంది. మనమెక్కడ? ఆయన ఢిల్లీలో ఉండగా జరిగిన ఆ తొలి ఎన్నికల్లో, దేశం మొత్తం మీద, ముఖ్యంగా ఉత్తరాదిన, దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ల పేర్లు ఓటర్ల జాబితాలో లేకుండా పోయాయి. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పేరడిగితే చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అన్నారు. పేరు లేని మనిషిని ఏ కులం గడిలో వేసి లెక్కపెడతారు?

తెలంగాణ పోరాటం గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి. అందులో ఆడవాళ్లు ఏం మోశారో, ఎక్కడ దాక్కున్నారో, పార్టీలోనే ఎవరు వాళ్లను పొయ్యి దగ్గరికి పంపారో తెలియడానికి 1986 దాకా ఆగాల్సి వచ్చింది. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు ఊళ్లు తిరిగి, ఆ ఆడవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల మాటల్లోనే రాసుకుని ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కొండపల్లి కోటేశ్వరమ్మ అందులో మాట్లాడారు. ఆ పుస్తకం తెచ్చినవాళ్లు పరదేశాల నుంచి రాలేదు. వాళ్లకు విమానం టిక్కెట్టు కాక ఓపిక కావలసి వచ్చింది. విలేఖరి గడప బయట నిలబడి “యజమాని ఉన్నారా?” అని అడిగాడు. వీళ్లు లోపలికి వచ్చి చాప వేసుకుని కూర్చున్నారు. తేడా అంతే. అంతే అన్నానుగానీ, అదే మొత్తం తేడా.

అయితే హారిసన్‌ను ఇక్కడే వదిలేస్తే అన్యాయం చేసినదాన్నవుతాను. ఆయన ఎదిగాడు. ప్రతి విలేఖరికీ దక్కని అదృష్టం అది. 1978లో ‘ది వైడెనింగ్ గల్ఫ్’ అనే పుస్తకంలో, ఆసియా ప్రజల జాతీయాభిమానాన్ని అర్థం చేసుకోకపోవడమే అమెరికా చేస్తున్న తప్పు అని తన దేశానికే చెప్పాడు. 1981లో బలూచీల మీద పుస్తకం రాశాడు. మన భాషాభిమానాన్ని ప్రమాదంగా చూసిన మనిషే, పాకిస్తానులో బలూచీల బాధను వాళ్ల వైపు నుంచి వినగలిగాడు. 1972లో ఉత్తర కొరియా వెళ్లి కిమ్ ఇల్ సుంగ్‌ను కలుసుకున్నాడు. కొరియా యుద్ధం తర్వాత అక్కడ అడుగుపెట్టిన తొలి అమెరికన్లలో ఆయనొకడు. మళ్లీ 1994 జూన్‌లో వెళ్లి, అణు కార్యక్రమం నిలిపే సంగతి ఆయనతోనే మాట్లాడాడు. వెనకనే జిమ్మీ కార్టర్ వెళ్లారు. అదే ఏడాది అక్టోబరులో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం తర్వాత నిలవలేదు, సరే. కానీ దేశాధ్యక్షులు మాట్లాడుకోని చోట ఒక విలేఖరి వెళ్లి కూర్చుని వినడం చిన్న విషయం కాదు.

చూడబోతే, భయపడుతూ రాసిన హారిసన్ కంటే వింటూ రాసిన హారిసన్ పెద్ద విలేఖరి. మన గురించి రాసినవాడు మొదటి హారిసన్ కావడం మన గ్రహపాటు.

ఇలా చదవడం వల్ల మనకేమిటి లాభం అంటారా? చాలా ఉంది. రేపు ఇంకో పరదేశీ పత్రిక మన వైపు వస్తుంది. మళ్లీ చిలుకూరు ప్రదక్షిణలు రాస్తుంది, బాగుంటుంది. అప్పుడు మనం అడగవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. వీసా కోసం తిరిగే కుర్రాడి బొమ్మ వేశారు సరే, ఆ గుడిలో హుండీయే లేదన్న సంగతి రాశారా? ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో కింద మొయినాబాదు, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు కలుపుకుని 84 గ్రామాలున్నాయని, 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ మరో జీవో వచ్చిందని, నీళ్లు ముఖ్యమా భూమి ధర ముఖ్యమా అని ఆ ఊళ్లు తర్జనభర్జన పడ్డాయని రాశారా? తెల్లవారుజామున పూలు కోసి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పంపే ఆడమనిషిని, ఆ పొలం ఎవరి పేరు మీద ఉందని అడిగారా?

మన పత్రికలనూ ఇవే అడగాలి. పరాయివాడు గడప బయట నిలబడ్డాడంటే వాడికి భాష రాక. మనవాడు కూడా అక్కడే నిలబడి “యజమాని ఉన్నారా?” అంటే, వాడికేం వచ్చింది?

హారిసన్ మన కులాల చిట్టా చదివాడు, మన మనసు చదవలేదు. మొదటిదానికి మనం ఉడుక్కోనక్కర్లేదు, అందులో నిజముంది. రెండోదానికి ఆయన కోసం కాచుకుని కూర్చోనూ అక్కర్లేదు. ఆ పని చేయడానికి పేరు అడిగితే పేరు చెప్పే ఆడవాళ్లు, ఆ పేరు శ్రద్ధగా రాసుకునేవాళ్లు కావాలి. మొదటివాళ్లకు ఇప్పుడు కొదవ లేదు.